చల్లగా ఉన్నచోటే కూర్చున్నాం

షార్జాలో జులై నెలలో ఏసీ ఆగిపోతే ఎలా ఉంటుందో మా ఊరివాళ్ళకు చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు. "మాకు మాత్రం ఎండకాలం లేదా? మేం బతుకుతలేమా?" అంటారు. ఎండలు నాకేం కొత్త కాదు. జగిత్యాలలో పుట్టి పెరిగినదాన్ని. కానీ మా దగ్గర ఎండకు ఒక మర్యాద ఉంది. పొద్దుగూకితే దిగిపోతుంది. డాబా మీద నీళ్ళు చల్లి చాప పరుచుకుంటే తెల్లవారేసరికి దుప్పటి వెతుక్కుంటాం. ఇక్కడ పొద్దుగూకాకే సముద్రం మీది తేమ లేచి, తడిగుడ్డ చుట్టినట్టు ఒంటిని పట్టుకుంటుంది. కిటికీ తెరిస్తే ఉడుకుతున్న గిన్నె మూత తీసినట్టే. పైన ట్యాంకులో నీళ్ళు కాగి కుళాయిలోంచి పొగలు కక్కుతూ వస్తాయి. అందుకని వేసవిలో మేమంతా గీజర్ స్విచ్చి ఆపేసి, అందులో నిలవున్న నీళ్ళనే చన్నీళ్ళ కింద వాడుకుంటాం. ఏసీ ఉన్నంతకాలం ఇవన్నీ నవ్వుకుంటూ చెప్పుకునే కబుర్లు. అది ఆగితే నవ్వు రాదు.

ఆ వేసవి నాకు ఎనిమిదో నెల. స్కూళ్ళకు సెలవులిచ్చారు, తెలిసినవాళ్ళలో సగం మంది ఊళ్ళకు వెళ్ళిపోయారు. నన్ను విమానం ఎక్కనివ్వరు. మా అమ్మకు మోకాళ్ళు బాగాలేక, పురుడు చూసుకోవడానికి మా అత్తమ్మే విజిట్ వీసా మీద వచ్చింది. అత్తమ్మ, నేను, మా ఆయన, ఆరేళ్ళ పాప. ఇండస్ట్రియల్ ఏరియా అంచున ఒక పాత బిల్డింగ్‌లో నాలుగో అంతస్తు. మా ఆయన అక్కడికి దగ్గర్లోనే లారీల విడిభాగాలు అమ్మే కంపెనీలో స్టోర్ చూసుకుంటాడు.

నేను ఇక్కడికి వచ్చింది కరోనా గొడవ కాస్త సద్దుమణిగిన ఏడాది. అప్పట్లో పాస్‌పోర్టులో అంటించిన నా వీసా మీద, వృత్తి అన్నచోట గృహిణి అనీ, పని చేయడానికి అనుమతి లేదనీ రాసి ఉండేది. ఎమ్మెస్సీ చదివి కరీంనగర్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన నాకు, ఆ మాట కంటబడినప్పుడల్లా ఒళ్ళు మండేది. సరే, ఉద్యోగం సంగతి అలా ఉంచుదాం. మిగతా పనులైనా నా చేతుల మీదుగా జరుగుతాయా అంటే అదీ లేదు. కరెంటు మీటరు ఆయన పేరు మీద. ఇంటి అగ్రిమెంటు ఆయన పేరు మీద. ఇంటర్నెట్ పనిచేయడం లేదని ఫోన్ చేస్తే, "లైన్ ఎవరి పేరు మీద ఉందో వారితో మాట్లాడించండి" అంటారు. నేనెవరో చెప్పుకోవాలంటే ముందు ఆయనెవరో చెప్పాలి. ఆయనెవరో చెప్పాలంటే ఆయనకు వీసా ఇచ్చిన కఫీల్ ఎవరో చెప్పాలి. చాలామంది ఆడవాళ్ళు "పోనీలే, ఎన్నాళ్ళుంటాం గనక" అని సర్దుకుపోతారు. నాకు ఆ విద్య అబ్బలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తింటుంటే, గోడ పైభాగాన గాలి వచ్చే జాలీలోంచి ఎప్పుడూ వినిపించే రొద ఆగిపోయింది. అంతసేపూ ఆ చప్పుడు ఉన్నట్టే తెలియదు, ఆగాక ఇల్లంతా బావురుమంది. మా బిల్డింగ్ మొత్తానికీ డాబా మీద ఒకటే పెద్ద ఏసీ యంత్రం. అది ఆగితే అన్ని ఇళ్ళూ ఒకేసారి ఉడుకుతాయి. ఎవరికి వాళ్ళు మెకానిక్‌ను పిలుచుకోవడానికి లేదు. కిటికీకి సొంత ఏసీ పెట్టుకుందామంటే అగ్రిమెంటు ఒప్పుకోదు. కిందికి దిగి నాతూర్‌ను, అంటే మా వాచ్‌మన్‌ను అడిగితే, చేతులు పైకెత్తి "ఆఫీస్ బంద్. మండే ఖులేగా" అన్నాడు. బిల్డింగ్ వ్యవహారాలు చూసే రియల్ ఎస్టేట్ ఆఫీసు పక్క సందులోనే ఉంది. శుక్రవారం ఒంటిపూటే, మళ్ళీ సోమవారం దాకా తెరవరు.

ఆ రెండు రోజులూ మాల్‌లో గడిపాం. మాల్ అంటే తిరిగేవాళ్ళకు బాగుంటుంది, దాక్కునేవాళ్ళకు కాదు. నా పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. అత్తమ్మ ఒక గుడ్డల దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని, "గీ అద్దాల దుకాండ్ల ముంగట ఎంతసేపని కూసుంటమే? కొనేటిది లేదు పెట్టేటిది లేదు. ఆ సెక్యూరిటీ పిలగాడు మనల్నే సూస్తున్నడు" అంది. సాయంత్రం ఇంటికొస్తే గోడలు ముట్టుకోలేనంత వేడి. సిమెంటు నేల మీద నీళ్ళు చల్లి, టేబుల్ ఫ్యాన్ ముందు తడి తువ్వాలు ఆరేసి, దాని వెనక పాపను పడుకోబెట్టాం. పిల్ల వీపంతా చెమటకాయలు పేలాయి. అత్తమ్మ ఆదివారం ఉదయం వంటింట్లో గోడ పట్టుకుని కూలబడింది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగించి, తల తడిపితే లేచింది. లేచాక ఆమె అన్న మొదటి మాట, "నాకేం గాలె. నువ్వు వంగకు" అని.

సోమవారం ఆఫీసు తలుపు తీసుకుని లోపలికి అడుగు పెట్టగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. లోపల అంత చలి! రిసెప్షన్‌లో కూర్చున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి స్వెట్టర్ వేసుకుని ఉంది. లోపలి గదిలోంచి ముదీర్ వచ్చాడు. మేనేజర్‌ని ఇక్కడ అందరూ అలాగే అంటారు. మన దేశంవాడే, ఉత్తరాది మనిషి. హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. కంప్రెసర్ పోయిందట, పార్టు ఆర్డర్ పెట్టారట, ఇన్షా అల్లా రేపు వస్తుందట.

"రేపు ఎన్నింటికి?" అన్నాను.

"మేడమ్, హస్బెండ్ కో భేజియే. అగ్రిమెంట్ ఆయన పేరు మీద ఉంది కదా. ఆయనతో మాట్లాడతాను."

"ఆ ఇంట్లో పగలంతా ఉండేది నేను. నాతో మాట్లాడండి."

ఆయన చిరునవ్వు నవ్వి ఫోన్ ఎత్తాడు, రాని ఫోన్. నాకు అర్థమైంది. ఇంటికొచ్చాను.

మంగళవారం మళ్ళీ వెళ్ళాను. పార్టు జెబెల్ అలీ రేవులో ఉందన్నారు. బుధవారం వెళితే అది ఇంకా ఓడలోనే ఉందన్నారు. అంటే నిన్న రేవులో ఉన్న వస్తువు ఇవాళ వెనక్కి సముద్రంలోకి వెళ్ళిందన్నమాట. అదే రోజు మధ్యాహ్నం నాకు క్లినిక్‌లో చెకప్ ఉంది. నర్సు బీపీ రెండుసార్లు చూసి, డాక్టరమ్మను పిలిచింది. డాక్టరమ్మ నా పాదం మీద వేలితో నొక్కి, పడిన గుంట పూడే దాకా చూసి, "చల్లటి గదిలో కాళ్ళు ఎత్తి పెట్టుకుని విశ్రాంతి తీసుకోవాలి. ఇది సలహా కాదు" అని గట్టిగా చెప్పింది. బస్సులో ఇంటికొస్తూ, మా ఇంటి చుట్టుపక్కల చల్లటి గది ఎక్కడుందా అని ఆలోచించాను. ఒకటే గుర్తొచ్చింది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. "రేపటి సంది నేను ఆఫీసుల కూసుంట."

"ఏ ఆఫీసుల?"

"రియల్ ఎస్టేట్ ఆఫీసుల. ఏసీ వచ్చేదాక."

ఆయన తలుపు వేసి ఉందో లేదో చూసి, గొంతు తగ్గించి, "పిచ్చి లేసిందా నీకు? ఇది మన జగిత్యాల కాదు. ధర్నాలు గిర్నాలు అంటే సీదా తీస్కపోయి ఫ్లైట్ ఎక్కిస్తరు. నా వీసా మీదనే మనందరం ఉన్నం. కఫీల్‌కు ఒక్క ఫోన్ పోతే ఖలాస్" అన్నాడు.

"ధర్నా ఎవలు జేస్తున్నరు? నినాదాల్లేవు, బోర్డుల్లేవు. కుర్చీలున్నయి, కూసుంట. డాక్టరమ్మ సల్లటి జాగల కూసొమ్మన్నది."

"వాళ్ళు ఎల్లగొడితే?"

"ఎల్లగొట్టినప్పుడు సూద్దాం."

ఆయన భయంలో అబద్ధమేమీ లేదు. ఆ భయం నాకూ ఉంది. తన తోటివాళ్ళు నోరు జారి ఉద్యోగాలు పోగొట్టుకోవడం కళ్ళారా చూసిన మనిషి. నేను వాదించలేదు. అలాగని మానుకోనూ లేదు. తడి తువ్వాలు పిండి మళ్ళీ ఫ్యాన్ ముందు ఆరేశాను.

గురువారం పొద్దున ఆయన పనికి వెళ్ళగానే సామాను సర్దాను. మంచినీళ్ళ సీసాలు, పెరుగన్నం డబ్బా, పాప రంగుపెన్సిళ్ళు, నా కాళ్ళ కింద పెట్టుకోవడానికి ఒక దిండు. అత్తమ్మ ఒక సంచిలో గోకరకాయ, చిన్న పళ్ళెం పెట్టుకుంది. "ఊకనే కూసుంటే చేతులు గుంజుతయి. ఈనెలన్న తీస్త" అంది. ఇక్కడికి రావడానికి ముందు దాకా ఆమె బీడీలు చుట్టింది. చేతులు ఖాళీగా ఉండడం ఆమెకు రాదు.

లిఫ్టులో ఐదో అంతస్తు కాకినాడ ఆవిడ కలిసింది. వాళ్ళాయన రువైస్‌లో రిఫైనరీలో పని చేస్తాడు, వారానికోసారి అబూదాబీ మీదుగా అంత దూరం బండి నడుపుకుంటూ వస్తాడు. పిల్లల చదువుల కోసం ఆవిడ ఇద్దరు పిల్లలతో షార్జాలో ఉంటుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, నిద్ర లేనట్టు.

"ఎక్కడికండీ పొద్దున్నే సర్దుకుని బయల్దేరారు? పిన్నిగారు కూడానూ?"

"ఆఫీసుకక్కా. అక్కడ చల్లగుంటది. ఏసీ వచ్చేదాక అక్కడే కూసుందామని."

ఆవిడ నన్నొకసారి, అత్తమ్మ చేతిలో పళ్ళేన్నొకసారి చూసింది. లిఫ్టు కిందికొచ్చింది. ఆవిడ దిగలేదు. "ఒక్క ఐదు నిమిషాలాగండి. పిల్లల్ని లేపి తీసుకొచ్చేస్తాను" అని మళ్ళీ పైకి నొక్కింది.

ఆఫీసులో గోడ పక్కన పొడుగాటి సోఫా, ఎదురుగా నాలుగు కుర్చీలు. నేను సోఫా చివర కూర్చుని దిండు మీద కాళ్ళు పెట్టుకున్నాను. అత్తమ్మ పక్కన కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. పిల్లలు ముగ్గురూ బల్ల చుట్టూ చేరి బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. వాళ్ళందరికీ ముందే చెప్పాను, ఎవరూ గట్టిగా మాట్లాడొద్దు, తలుపుకు అడ్డం ఉండొద్దు, ఫోన్ సంచిలోంచి తీయొద్దు అని. ఎవరినైనా వాళ్ళ అనుమతి లేకుండా ఫొటో తీస్తే ఇక్కడ నేరం. మా మీద వేలు పెట్టి చూపించడానికి ఏమీ దొరకకూడదని నా పట్టుదల.

ముదీర్ బయటికొచ్చాడు. "మేడమ్, మీ కంప్లైంట్ రాసుకున్నాం. ఇక మీరు ఇంటికి వెళ్ళండి."

"కంప్లైంట్ ఇవ్వడానికి రాలేదండీ."

"మరి?"

"కూర్చోవడానికి వచ్చాం."

ఆయన సోఫా వైపు చెయ్యి చూపించాడు. "ఇది కస్టమర్ల వెయిటింగ్ కోసం" అన్నాడు.

"మేం కస్టమర్లమే. వెయిటింగే చేస్తున్నాం."

స్వెట్టర్ అమ్మాయి తల దించుకుని కంప్యూటర్ వెనక్కి జరిగింది. నవ్వుతోందని ఆమె భుజాలే చెప్పాయి. కాసేపయ్యాక అందరికీ కాగితపు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చిపెట్టింది. నా దిండు కింద పెట్టుకోమని ఒక అట్టపెట్టె కూడా తెచ్చి ఇచ్చింది.

ఆ ఆఫీసుకు ఇల్లు చూసుకోవడానికి వచ్చేవాళ్ళు రోజూ ఉంటారన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదు. మొదట ఒక మలయాళీ జంట వచ్చింది. కొత్తగా పెళ్ళయినట్టుంది. ముదీర్ వాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి మా బిల్డింగ్ గురించే చెప్పడం మొదలుపెట్టాడు. ఫ్యామిలీ బిల్డింగ్, బస్టాపు దగ్గర, సెంట్రల్ ఏసీ. తాళాలు తేవడానికి ఆయన లోపలికి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి నావైపు తిరిగి, "మీరు ఆ బిల్డింగ్‌లోనే ఉంటారా? ఎలా ఉంటుంది?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇల్లు బాగుంటుంది. నీళ్ళకు ఇబ్బంది లేదు. చుట్టుపక్కలవాళ్ళు మంచివాళ్ళు. ఏసీ మాత్రం పోయిన శుక్రవారం నుంచి లేదు. అందుకే మేం ఇక్కడున్నాం."

ఆ అమ్మాయి నా పొట్ట వైపు చూసింది, నా పాదాల వైపు చూసింది. మొగుడి చెయ్యి పట్టుకుని లేచింది. ముదీర్ తాళాలతో వచ్చేసరికి తలుపు ఊగుతోంది.

తర్వాత ఒక ఈజిప్టు కుటుంబం వచ్చింది. వాళ్ళు అడగకముందే కాకినాడ ఆవిడ కొడుకు, "అంకుల్, అక్కడ చాలా వేడి" అని చెప్పేశాడు. వాళ్ళూ లేచారు. అప్పటికి మూడో అంతస్తు లాహోర్ ఆవిడ కూడా తన కవల పిల్లలతో వచ్చి చేరింది. "బాజీ, కాస్త జరగండి" అని అక్కను పిలిచినట్టు పిలిచి, అత్తమ్మ పక్కన సర్దుకుని కూర్చుని, తనూ గోకరకాయ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరికీ భాష కలవదు. అత్తమ్మకు మామయ్య దగ్గర నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలే వచ్చు. అయినా గంటసేపు కోడళ్ళ గురించి మాట్లాడుకున్నారని నాకు అనుమానం, ఎందుకంటే మధ్యమధ్య నావైపు చూసి నవ్వారు.

ముదీర్‌లో మర్యాద అయిపోయింది. నా ఎదురుగా వచ్చి నిలబడి, "మీరు మా బిజినెస్ పాడు చేస్తున్నారు. వీడియోలు తీస్తున్నారు. పోలీసులను పిలుస్తాను" అన్నాడు.

కడుపులో బిడ్డ ఒక్కసారి కదిలింది. సంచి తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. "అందరి ఫోన్లూ ఇందులో ఉన్నాయి. పిలవండి. వాళ్ళు వచ్చి ఎందుకు కూర్చున్నారని అడిగితే ఉన్న మాటే చెప్తాను. మా ఇంట్లో చల్లదనం లేదు, మీ ఆఫీసులో ఉంది."

ఆయన ఫోన్ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. కాకినాడ ఆవిడ నా చెవి దగ్గర, "నిజంగా పిలిచేస్తే ఏంటండీ మన గతి? మావారు రువైస్ నుంచి వచ్చేసరికి సాయంత్రమైపోద్ది" అంది. "మీరు పిల్లల్ని తీసుకుని ఎళ్ళిపోండక్కా. నేనేమీ అనుకోను" అన్నాను. ఆవిడ "ఎక్కడికెళ్తామండీ, ఆ పొయ్యిలోకా?" అని చీర చెంగు భుజాల చుట్టూ కప్పుకుని మళ్ళీ ఆనుకుని కూర్చుంది.

అత్తమ్మకు ఇదంతా తెలుగులో చెప్పాను. పోలీసులంటున్నాడని కూడా చెప్పాను. ఆమె పళ్ళెం పక్కన పెట్టింది.

"రానీ. మీ మామ ఈ ఊళ్ళె ఎన్నేండ్లు గోడలు కట్టిండో నీకెర్కనే. ఎండల కట్టి కట్టి పానం గుల్లజేసుకొని ఇంటికొచ్చిండు. ఆయన కట్టినంక ఆయన పెండ్లాం గంత జాగల కూసుంటే వీని సొమ్మేం బోయిందంట?"

మామయ్య పోయి అప్పటికి ఏడాది. ఆయన గురించి ఆమె అంత మాట మాట్లాడడం నేను వినడం అదే మొదలు. ఆమె పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది.

పోలీసులు రాలేదు. మా ఆయన వచ్చాడు.

ముదీర్ ఫోన్ చేసింది ఆయనకని తర్వాత తెలిసింది. ఎండలో పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు. కంపెనీ చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది, చేతులకు గ్రీజు. ముదీర్ ఎదురెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. "భాయ్, మీ ఫ్యామిలీ. మీరే నచ్చజెప్పండి. చదువుకున్నవాళ్ళు, ఇదేం పద్ధతి? ఈ పరిస్థితిలో మేడమ్‌కు ఇక్కడ ఏమైనా అయితే ఎవరు బాధ్యులు?"

"ఇంట్లో ఏమైనా అయితే ఎవరు బాధ్యులో ఇక్కడైనా వాళ్ళే" అన్నాను నేను.

మా ఆయన నా దగ్గరికొచ్చి వంగి, "పా, ఇంటికి పోదాం" అన్నాడు మెల్లగా.

"ఏ ఇంటికి?"

ఆయన పక్కకు చూశాడు. సోఫాలో పాప మా అత్తమ్మ తొడ మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. ఎన్నాళ్ళకో పిల్ల మొహం మీద చెమట లేదు. వీపు గీరుకోవడం లేదు. అత్తమ్మ కొడుకును చూసింది గానీ రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. నేనైతే లేవనని నాకు తెలుసు. ఆయన ఏం చేస్తాడో మాత్రం తెలియదు. పెళ్ళయ్యాక మా మధ్య అంతటి చిక్కు ఎప్పుడూ రాలేదు.

ఆయన ముదీర్ వైపు తిరిగి, "అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉంది?" అని అడిగాడు.

"మీ పేరు మీదే కదా భాయ్. అందుకేగా మిమ్మల్ని పిలిచింది."

"అయితే కూర్చోవాల్సింది నేను" అన్నాడు మా ఆయన.

కుర్చీ ఒకటి లాక్కుని నా పక్కన వేసుకుని కూర్చున్నాడు. తన కంపెనీకి ఫోన్ చేసి, సాయంత్రం దాకా రాలేనని, జీతంలో కోసుకోమని చెప్పాడు. మాట మామూలుగానే ఉంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నేను పెరుగన్నం డబ్బా మూత తీసి ఆయన చేతిలో పెట్టాను.

సాయంత్రం ఆఫీసు మూసే వేళకు మేమే లేచాం. నేల మీద పడ్డ ఈనెలు అత్తమ్మ ఏరి సంచిలో వేసుకుంది. పిల్లలు బల్ల తుడిచారు. "రేపు ఎన్నింటికి తెరుస్తారు?" అని స్వెట్టర్ అమ్మాయిని అడిగాను. ఆమె ముదీర్ గది వైపు చూసి, "ఎనిమిదికి. కొంచెం ముందే వచ్చినా ఫర్వాలేదు" అంది.

మర్నాడు మేం వెళ్ళేసరికి తలుపు దగ్గర మా కంటే ముందే ఇంకో నాలుగు కుటుంబాలున్నాయి. రెండో అంతస్తు బంగ్లాదేశ్ పెద్దాయన ఖురాన్ పట్టుకుని వచ్చాడు. సోఫా సరిపోక పిల్లలు నేల మీద కూర్చున్నారు. ముదీర్ గదిలోంచి బయటికి రాలేదు. అద్దం లోంచి ఆయన ఫోన్‌లో మాట్లాడడం కనిపిస్తోంది. హిందీలో, ఇంగ్లీషులో, అరబ్బీలో, చెయ్యి ఊపుతూ. అరబ్బీలో మాట్లాడేటప్పుడు మాత్రం లేచి నిలబడి మాట్లాడాడు. ఓనర్ అయి ఉంటాడు. ఈ వారం రోజులూ ఓనర్‌కు అసలు విషయం చెప్పాడో లేదో అని అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఇప్పటికీ తెలియదు.

మూసే వేళ దాటినా ఆ రోజు ముదీర్ మమ్మల్ని లేవమనలేదు. జుమ్మా నమాజు ముగిసి కాసేపయ్యాక సందులోకి క్రేన్ వచ్చింది. పిల్లలంతా అద్దానికి ముక్కులు ఆనించి చూశారు. ఓడలో ఉందన్న పార్టు ఒక లారీ మీద వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో మేం అడగలేదు. చీకటి పడకముందే జాలీల్లోంచి ముందు దుమ్ము రాలింది, తర్వాత పాత ఇనుము వాసన, ఆ తర్వాత చల్లగాలి. పై అంతస్తుల నుంచి ఎవరో ఈల వేశారు. కాకినాడ ఆవిడ కిందికొచ్చి, "పిన్నిగారూ, ఇదిగోండి" అని అత్తమ్మకు పూతరేకుల పొట్లం ఇచ్చి వెళ్ళింది. ఊరి నుంచి తెచ్చుకుని దాచుకున్నవట.

అంతా మమ్మల్ని మెచ్చుకున్నారని చెబితే అబద్ధం. మా బిల్డింగ్‌లోనే ఉండే ఒక తెలుగాయన, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం, లిఫ్టులో కనబడి, "మీలాంటివాళ్ళ వల్లే మన కమ్యూనిటీకి చెడ్డపేరు. పరాయి దేశంలో కాస్త ఒదిగి ఉండాలమ్మా" అన్నాడు. ఆ వారమంతా ఆయన కుటుంబంతో దుబాయ్‌లో హోటల్లో ఉన్నాడు. "గాలి మీ ఇంట్లోకి కూడా వస్తోందాండీ?" అని అడిగాను. "వస్తోంది" అన్నాడు. "అయితే మంచిది" అన్నాను. నా అంతస్తు వచ్చింది, దిగిపోయాను.

ఆగస్టు చివర్లో బాబు పుట్టాడు. బీపీ కాస్త ఎక్కువే ఉంది గానీ ఇద్దరం క్షేమంగా బయటపడ్డాం. వీసా గడువు ముగిసేదాకా ఉండి, వాడి బొడ్డు ఊడి, నీళ్ళు పోయడం నాకు నేర్పి, అత్తమ్మ వెళ్ళిపోయింది.

అగ్రిమెంటు తిరగరాయాల్సిన సమయం వచ్చినప్పుడు ముదీర్ మా ఆయనకు ఫోన్ చేశాడు. ఓనర్‌కు ఇల్లు కావాలట, మమ్మల్ని వేరే చోటు చూసుకోమన్నాడు. ఆ సాయంత్రం ఆయన ఆ మాట చెప్పినప్పుడు, ఇక వెళ్ళిపోదామంటాడేమో అనుకున్నాను. అజ్మాన్‌లో ఇంకా మంచి ఇళ్ళున్నాయని తోటివాళ్ళు చెబుతూనే ఉన్నారు.

"నువ్వేమంటవ్?" అన్నాను.

"మంచిగున్న ఇల్లు. పాప స్కూల్ బస్ కిందికే వస్తది. ఎందుకు పోవాలె?" అన్నాడు. బాబును భుజాన వేసుకుని ఉన్నాడు. "పంపియ్యాలనుకుంటే కాయితం మీద రాసియ్యమంట. మున్సిపాలిటీల చూపెడ్తం. కారణం లేకుండ ఎల్లగొడితే వాళ్ళు ఊకోరు."

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆయన అడిగాడు, నేను పక్కన నిలబడ్డాను. కాగితం మీద రాసివ్వడానికి ముదీర్‌కు మనసొప్పలేదు. వారం తిరిగేసరికి కొత్త అగ్రిమెంటు సిద్ధమైంది. ఇంట్లో ఉండేవాళ్ళందరి పేర్లూ రాయమని మా ఆయన పట్టుబడితే, నా పేరు కూడా అందులో చేరింది. ఆయన పేరు కింద, చిన్న అక్షరాల్లో. చిన్న అక్షరాలైనా చదవడానికి వస్తున్నాయి.

మేం ఇప్పటికీ అక్కడే ఉన్నాం. కాకినాడ ఆవిడ పెద్దాణ్ణి హైస్కూలు చదువుకు వైజాగ్ పంపింది. లాహోర్ ఆవిడ అజ్మాన్ వెళ్ళిపోయింది. పోయిన నెల నాకు ఫోన్ చేసి, వాళ్ళ కొత్త బిల్డింగ్‌లో లిఫ్టు పనిచేయడం లేదని, కవలలను ఎత్తుకుని మెట్లెక్కలేక నడుం పడిపోతోందని, ఆఫీసువాళ్ళు బుక్రా, బుక్రా, అంటే రేపు, రేపు అంటున్నారని చెప్పింది. ఏం చేయమంటావని అడిగింది.

"మీ ఆఫీసులో సోఫా ఉందా?" అన్నాను.

"ఉంది. పెద్దదే."

"రేపు పొద్దున నన్ను కూడా తీసుకెళ్ళు. బాబును చంకనేసుకుని వస్తాను" అన్నాను.